రెండు అణుబాంబుల బాధితుడు ఒక్కడేనా?

1945 ఆగస్టు 6న హిరోషిమాలోను, మూడు రోజుల తర్వాత నాగసాకిలోను అణుబాంబు పేలినప్పుడు ఆ రెండు చోట్లా ఉండి, రెండింటినీ తట్టుకుని, 93 ఏళ్లు బతికిన జపాన్ ఇంజినీరు త్సుతోము యమగుచి కథను ‘వింతలు – విశేషాలు’ శీర్షికల కింద మనలో చాలామంది చదివే ఉంటారు. చదివినవారిలో కొందరు ఆయనను మృత్యుంజయుడంటారు, కొందరు అంతటి దురదృష్టవంతుడు మరొకడు లేడంటారు, మన ఊళ్లలోనైతే ‘గట్టి పిండం’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఈ మాటలన్నీ ఆయన జీవితాన్ని లాటరీ చీటీని చూసినట్టు చూస్తున్నాయి. కానీ ఆ అనుభవం అంత అరుదైనదిగా ఎందుకు లెక్కకు వచ్చిందని అడిగితే, జవాబు నుదుటి రాతలో కాక ఒక నౌకా నిర్మాణ సంస్థ పని తీరులో, యుద్ధకాలపు రైళ్ల రాకపోకల్లో, అన్నిటికీ మించి ప్రభుత్వ రికార్డుల్లో దొరుకుతుంది.

నాగసాకి నివాసి అయిన యమగుచి మిత్సుబిషి హెవీ ఇండస్ట్రీస్‌లో చమురు నౌకల నమూనాలు గీసేవారు. 1945 వేసవిలో సంస్థ పని మీద మూడు నెలలు హిరోషిమాలో ఉన్నారు. తిరుగు ప్రయాణానికి సిద్ధమైన రోజే ఆగస్టు 6. ఇద్దరు సహోద్యోగులతో కలిసి స్టేషన్‌కు బయలుదేరాక సంతకానికి బదులు వాడే తన వ్యక్తిగత ముద్ర మరచిపోయినట్టు గుర్తుకు వచ్చి ఆయన ఒక్కరే వెనక్కి తిరిగారు. 8.15 గంటలకు బాంబు పేలేసరికి ఆయన దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. శరీరం ఎడమ వైపు పైభాగం కాలింది, కర్ణభేరులు చిట్లాయి, కాసేపు చూపు పోయింది. ఆ రాత్రి వైమానిక దాడుల నుంచి తలదాచుకునే ఆశ్రయంలో గడిపి, మర్నాడు రైలెక్కి ఇంటికి చేరారు. 9వ తేదీ ఉదయం కట్లతోనే ఆఫీసుకు వెళ్లి, ఒకే ఒక్క బాంబు నగరాన్నంతా తుడిచిపెట్టిందని చెబుతుంటే, మతి పోయిందా అన్నట్టు పై అధికారి కొట్టిపారేస్తున్నారట. సరిగ్గా ఆ వేళకే, 11.02 గంటలకు, రెండో బాంబు పేలింది. ఈసారి కూడా దూరం ఇంచుమించు మూడు కిలోమీటర్లే.

ఇలా చెప్పుకుంటూ పోతే ఇదంతా యాదృచ్ఛికాల దండలాగే కనిపిస్తుంది. అయితే ఆ రోజు స్టేషన్‌కు బయలుదేరిన సహోద్యోగులిద్దరూ కూడా బతికి నాగసాకి చేరి, రెండో బాంబునూ చూశారన్న సంగతిని చాలా కథనాలు వదిలేస్తాయి. రెండు నగరాల్లోనూ బాంబుకు గురైనవారు 160 మందికి పైగా ఉంటారని 2006లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ సందర్భంగా వెలుగులోకి వచ్చింది. రెండు నగరాల్లోనూ మిత్సుబిషి నౌకా నిర్మాణ కేంద్రాలున్నాయి, వాటి మధ్య ఇంజినీర్లు, కార్మికులు తిరుగుతుండేవారు. హిరోషిమా పశ్చిమ కొస నుంచి నాగసాకి వైపు వెళ్లే రైలు మర్నాడే దొరికింది. యుద్ధ పరిశ్రమలున్న నగరాలు లక్ష్యాలు కావడంలోనూ, ఆ పరిశ్రమల మనుషులు ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్లడంలోనూ వింత ఏమీ లేదు. ఇందులో నిజంగా యాదృచ్ఛికమని చెప్పదగ్గది ఒకటే. ఆగస్టు 9న విమానం మొదట వెళ్లింది కొకురా నగరం మీదికి. అక్కడ లక్ష్యం కంటికి కనబడకపోవడంతో నాగసాకికి మళ్లింది. కొకురా ఆకాశం ఆ ఉదయం తేటగా ఉండి ఉంటే యమగుచి పేరు మనకు తెలిసేది కాదు.

మరి 160 మందికి పైగా ఉన్న అనుభవం ఒక్కరి పేరు మీద ఎలా నిలిచింది? జపాన్‌లో 1957లో వచ్చిన అణుబాంబు బాధితుల వైద్య చట్టం ప్రకారం, బాధితులుగా గుర్తింపు పొందినవారికి ప్రభుత్వ వైద్య సాయానికి ఆధారమైన ఆరోగ్య పుస్తకం ఇస్తారు. బాంబు పడినప్పుడు నిర్ణీత ప్రాంతంలో ఉన్నవారు, రెండు వారాల లోపు నగర కేంద్రానికి సమీపంగా వెళ్లినవారు, క్షతగాత్రులకు సాయం చేసినవారు, అప్పటికి తల్లి గర్భంలో ఉన్నవారు అనే వర్గాలు ఏర్పడ్డాయి. ఎన్నిసార్లు గురయ్యారన్న లెక్కతో ఆ చట్టానికి పని లేదు, ఒక్కసారి చాలు. అందుకే యమగుచి పుస్తకంలో ఎన్నో ఏళ్లపాటు నాగసాకి మాత్రమే ఉంది. దీనికి తోడు యుద్ధం తర్వాత జపాన్‌లో సాగిన అమెరికా ఆక్రమణ సేనల పాలనలో అణుబాంబు గురించిన రాతలపై సెన్సారు ఉండేది. అది తొలగాక కూడా పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని, ఉద్యోగాలు రావని బాధితులు సంగతి దాచుకున్నారు. ఒక్క బాంబు సంగతే చెప్పుకోలేని సమాజంలో రెండింటి సంగతి బయట పెట్టేదెవరు? అరుదు అని మనం అంటున్నదాంట్లో పెద్ద భాగం ఈ మౌనమే.

యమగుచి కూడా చాలాకాలం మాట్లాడలేదు. తాను ఆరోగ్యంగా తిరుగుతూ, నిజంగా జబ్బు పడ్డవారి ముందు నిలబడి మాట్లాడటం సబబు కాదని ఆయన అనుకునేవారని కుమార్తె తర్వాత చెప్పారు. 2005లో కొడుకు, 2008లో భార్య క్యాన్సర్‌తో చనిపోయారు. 2009 జనవరిలో, తొంభై రెండేళ్ల వయసులో, రెండు నగరాల బాధితుడిగా గుర్తించమని దరఖాస్తు పెట్టారు. మార్చిలో నాగసాకి అధికారులు అంగీకరించారు. దాని వల్ల ఆయనకు అదనంగా ఒక్క యెన్ కూడా రాదు. రెండు బాంబుల సంగతీ ప్రభుత్వ రికార్డులో ఉంటే, తన తర్వాతి తరాలకు ఆ రికార్డే చరిత్ర చెప్పగలదన్నదే ఆయన ఆశ. తమకు తెలిసినంతలో అలాంటి గుర్తింపు పొందిన మొదటి వ్యక్తి ఆయనే అని అధికారులు అన్నారు. ‘అధికారికంగా గుర్తింపు పొందిన మొదటి వ్యక్తి’ అన్నది చేతులు మారుతూ ‘రెండు బాంబులు చూసిన ఏకైక వ్యక్తి’గా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

అరుదు అన్నది మనిషి రాతలో కంటే అతని చుట్టూ ఉన్న వ్యవస్థల్లో తేలుతుందన్న ఈ సూత్రం, కోరి సాధించుకున్న అరుదైన అనుభవాల విషయంలోనూ వర్తిస్తుంది. చంద్రుడి మీద నడిచినవారు 1969 జూలై నుంచి 1972 డిసెంబరు వరకు పన్నెండు మందే కావడానికి కారణం ధైర్యవంతుల కొరత కాదు, బడ్జెట్ కోతల్లో చివరి మూడు యాత్రలు 1970లోనే రద్దయ్యాయి. 2014 మే 25న, అంటే ఉమ్మడి రాష్ట్రం విడిపోవడానికి వారం ముందు, నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు దారి తీసింది సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు కాబట్టి ఆమె టిబెట్ వైపు నుంచి ఎక్కింది. పూర్ణ పట్టుదల ఇందువల్ల రవ్వంతైనా తగ్గదు. కానీ రికార్డు పుస్తకంలోని వయసు ఒక్కటే చూసేవారికి గురుకులం కనిపించదు.

యమగుచి విషయంలో ఈ చూపు ఎంత దూరం వెళ్లిందో 2010 డిసెంబరులో తెలిసింది. ఆయన 2010 జనవరి 4న ఉదర క్యాన్సర్‌తో మరణించిన ఏడాదిలోపే బీబీసీ హాస్య కార్యక్రమం ఒకటి ఆయనను ప్రపంచంలోకెల్లా దురదృష్టవంతుడిగా పరిచయం చేసి నవ్వులు పూయించింది. జపాన్ రాయబార కార్యాలయం నిరసన తెలిపాక 2011 జనవరిలో బీబీసీ క్షమాపణ చెప్పింది. ఆ కార్యక్రమం వాళ్లు యమగుచిని ద్వేషించి చేశారని నేను అనుకోను, బాంబు మాటున ఉన్న అంతులేని మరణాలను పక్కన పెట్టి సంభావ్యత లెక్క ఒక్కటే చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆయనను అదృష్టవంతుడిగా పొగిడే కథనాలు కూడా చేసేది ఆ పనే, కాకపోతే అవి నవ్వవు.

రికార్డులో ఎవరుండాలన్న తగాదా ఇప్పటికీ తీరలేదు. ఆరోగ్య పుస్తకం ఉన్నవారి సంఖ్య 2025 మార్చి నాటికి మొదటిసారి లక్షకు దిగువకు పడిపోయింది, వారి సగటు వయసు 86 దాటింది. బాంబు తర్వాత కురిసిన, రేడియోధార్మిక మసి కలిసిన నల్లవానలో తడిసినా ప్రభుత్వం నిర్ణయించిన ప్రాంతపు గీత అవతల ఉన్నారని గుర్తింపు దక్కని 84 మందిని బాధితులుగా అంగీకరిస్తూ 2021 జూలైలో హిరోషిమా హైకోర్టు తీర్పు ఇవ్వగా, ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. నాగసాకిలో ఇదే కోరిన 44 మంది విషయంలో 2024 సెప్టెంబరులో జిల్లా కోర్టు 15 మందికే గుర్తింపు ఇచ్చింది, నల్లవాన కురిసినట్టు ఆధారం దొరికిన గ్రామాలవారికి మాత్రమే. మిగిలిన 29 మందీ అదే రోజు అదే బాంబుకు అటూ ఇటూగా ఉన్న ఊళ్లవారే.