కూలికి ధ్యానం

వదిన సంస్కృతం లెక్చరరుగా రిటైరయ్యారు. నాగార్జునసాగర్‌లోని విపశ్యన ధ్యాన కేంద్రంలో పదిరోజుల శిబిరాలు చేశారు. పొద్దున గంట, సాయంత్రం గంట కదలకుండా కూర్చుంటారు. ఆడపడుచు పద్మ బ్యాంకు ఉద్యోగి. నిద్ర పట్టక ధ్యానంలోకి వచ్చింది. ముందే చెబుతున్నాను, నేను పద్మ పక్షం. అయినా వదిన మాటల పదును తగ్గించలేదు, తగ్గిస్తే ఆవిడ ఊరుకోరు.

వదిన: నిద్ర కోసం ధ్యానమేమిటి పద్మా? అవసరం తీరగానే మానేస్తావు.

పద్మ: నిద్ర పడుతూ చాలాకాలమైంది వదినా. ఇంకా కూర్చుంటూనే ఉన్నాను.

వదిన: అలవాటు. పళ్ళు తోముకోవడం కూడా నువ్వు మానలేదు. మాకు విపశ్యన నేర్పిన గోయెంకాగారి సంగతి చూడు. 1955లో బర్మాలో మైగ్రేన్ తగ్గించుకుందామని సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళ్ళారు. ఆ దేశపు అకౌంటెంట్ జనరల్‌గా ఉంటూ ధ్యానం నేర్పిన గృహస్థు ఆయన. తలనొప్పి కోసమే అయితే రావద్దని తిప్పి పంపేశారు. విద్య విలువ తగ్గించవద్దన్నారు. గురువన్నవాడు గుమ్మంలోనే తేల్చుకోవలసిన సంగతి అది.

పద్మ: ఆ గుమ్మం దాకా తీసుకువచ్చింది తలనొప్పే కదా! అది లేకపోతే ఆయన బర్మాలోనే వ్యాపారం చూసుకుంటూ ఉండేవారేమో. 1969లో ఇండియాకు వచ్చి నేర్పేవారూ కాదు, మీకు సాగర్‌లో శిబిరమూ ఉండేది కాదు.

వదిన: తీసుకువచ్చింది, కాదనను. దాన్ని బయట విడిచి లోపలికి రమ్మన్నారు, అదీ నేను చెప్పేది. యోగసూత్రాల్లో పతంజలి సాధనకు తొమ్మిది అంతరాయాలు చెబుతూ మొట్టమొదట వ్యాధినే పెట్టాడు. అంతరాయమన్నాడు, కారణమనలేదు.

పద్మ: దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ నందుడి కథ నాకు చెప్పింది మీరే. బుద్ధుడి పినతల్లి కొడుకు. సన్యాసం ఇచ్చినా అతని మనసంతా ఇంట్లో విడిచివచ్చిన అందగత్తె దగ్గరే ఉంది. బుద్ధుడు ఏం చేశాడు? వైరాగ్యం వచ్చాక రమ్మని పంపేశాడా? స్వర్గానికి తీసుకువెళ్ళి 500 మంది అప్సరసలను చూపించి, సాధన చేస్తే వీళ్ళు నీకు దక్కుతారు, పూచీ నాది అన్నాడు. నందుడు ఆ ఆశతోనే కూర్చున్నాడు. అప్సరసల కోసం సాధన చేసే కూలివాడని తోటి భిక్షువులు ఎగతాళి చేశారు. సిగ్గుపడి, ఒంటరిగా వెళ్ళి, కూర్చుని కూర్చుని, కోరికలన్నీ తెగిన అర్హంతుడయ్యాడు. ఆ తర్వాత వచ్చి, మీరిచ్చిన మాట ఇక నిలబెట్టుకోనక్కర్లేదని చెప్పాడు. మరి కూలి ఎక్కడ అడ్డొచ్చింది?

వదిన: నందుడికి ఆశ చూపించింది బుద్ధుడు. ఎక్కడికి తీసుకుపోతున్నాడో ఆయనకు తెలుసు. నీకు ఆశ చూపించేది ధ్యానానికి ఫోనులో మోగే గంట. అది నిన్ను ఎక్కడికి తీసుకుపోతుంది? ఇదే కథను సౌందరనందంగా రాసిన అశ్వఘోషుడు, చేదుమందులో తేనె కలిపినట్టు ఈ కావ్యం చెప్పానన్నాడు. తేనె మింగించడానికి. రోగం కుదిర్చేది మందు. నీ దగ్గర తేనె ఉంది, మందేదీ?

పద్మ: నిద్ర పట్టకపోవడమే మందయింది. నవ్వకండి, పూర్తిగా వినండి. మొదట్లో నేను కూర్చున్నది కూలికే. రాత్రి పదిన్నరకు కూర్చుని, శ్వాస చూస్తూ, మధ్యమధ్య కునుకు వస్తోందా అని తడుముకునేదాన్ని. రాలేదు. ఆ తడుముకోవడమే దాన్ని తరిమేస్తోందని చాలా రోజులకు గాని తెలియలేదు. డబ్బు, పదవి, పేరు, వీటి వెంటపడితే ఎంతో కొంత దొరుకుతాయి. నిద్ర వెంటపడినకొద్దీ దూరం జరుగుతుంది. నిద్ర కావాలంటే నిద్ర కావాలనుకోవడం మానాలి. సరే, మానాను. మానగానే లోపలినుంచి ఒక గొంతు, 'కోరడం మానేశాంగా, ఇక రావచ్చు' అని బేరం పెట్టింది. ఆ బేరం ఎక్కడ పుడుతోందో చూడడమే నా సాధన అయిపోయింది. తర్వాత అదే బేరం బ్యాంకులోనూ కనిపించింది. మేనేజరు ఒక మాటంటే ఆయన వాక్యం పూర్తికాకముందే నేను జవాబు కూర్చుకుంటున్నాను. ఎవరికైనా సాయం చేస్తే వాళ్ళు అది గుర్తుంచుకున్నారో లేదో ఓరగా చూస్తున్నాను. మోక్షం కోసం కూర్చుని ఉంటే ఇవి నా కంటపడేవి కావేమో. మోక్షం వచ్చిందా అని తెల్లవారి ఎవరూ అడగరు. ఎన్నేళ్ళయినా 'సాధన సాగుతోంది' అనుకోవచ్చు. నిద్ర అలా కాదు, పొద్దున్నే కళ్ళమంటతో లెక్క అప్పజెబుతుంది. చిన్న కోరిక ఇట్టే దొరికిపోతుంది. పెద్దది మడి కట్టుకుని తిరుగుతుంది, దాన్ని కోరిక అని పిలిచే ధైర్యం ఎవరికీ ఉండదు.

వదిన: మడి అన్నది నా గురించేనా?

పద్మ: పెద్ద కోరిక గురించి.

వదిన: సరే, నేనూ ఒకటి అడుగుతాను. అత్తయ్యగారు పోయిన నెలలో నువ్వు ఒక్కరోజైనా కూర్చున్నావా? లేదు. నేను రెండు పూటలా కూర్చున్నాను. దుఃఖం మీద పడినప్పుడు నిద్ర కోసం నేర్చుకున్నది పనికిరాలేదు. మృత్యువును ఎదుట పెట్టుకుని మొదలుపెట్టినవాళ్ళకు ఆ రోజున కాలూనుకునే చోటుంటుంది.

పద్మ: కూర్చోలేదు, నిజమే. కూర్చుంటే ఏడుపే వచ్చేది. కానీ మీరు కూర్చున్న ఆ రెండు గంటలూ వచ్చినవాళ్ళకు కాఫీలు పెట్టింది నేను.

వదిన: వంటమనిషిని పెడదామంటే వద్దన్నది నువ్వే!

పద్మ: అమ్మ వంటింట్లోకి కొత్త మనిషి వద్దన్నాను. మీరు కొంచెంసేపు రావద్దని అనలేదు.

వదిన: నేను కూర్చోకపోతే ఆ నెల ఇంట్లో ఇంకొకరు మంచాన పడేవాళ్ళు. మీ అన్నయ్యను ఎవరు చూసుకున్నారనుకున్నావు?

(ఈ కాఫీల పద్దు ఆ ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. ఇందులో నేను ఎవరి పక్షమూ కాదు.)

పద్మ: పోనివ్వండి. ఒక్కటి చెప్పండి వదినా, మీరు కూర్చునేది దేనికి?

వదిన: ముక్తికి. అందులో దాపరికం లేదు.

పద్మ: ఇవాళ పొద్దున కూడానా?

వదిన: ఇవాళ పొద్దున మోకాలు నొప్పి. గంట ఎప్పుడవుతుందా అని కూర్చున్నాను. అది లెక్కలోకి రాదు.