విరిగి అతికిన బొమ్మకి "ఏ లోపమూ లేదు" అని ఎలా రాస్తారు?

ఇవాళ అమ్మకానికి పెట్టిన ఒక కాంపేర్ బొమ్మని (ఫ్రాన్సులో బ్రెటనీ ప్రాంతపు కాంపేర్ ఊళ్లో చేసిన రంగుల మట్టిబొమ్మ) చూసినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది. ఆ ఊరి దగ్గరి బిగూడెన్ సీమ ఆడమనిషి, తలమీద గొట్టంలా నిలబడే పొడవాటి క్వాఫ్, అంటే లేసు కుళ్లాయి. "ఏ లోపమూ లేదు" అని రాశారు. ఫొటో పెద్దది చేసి చూస్తే క్వాఫ్ పైఅంచున తెలుపు వేరుగా ఉంది. ఒళ్లంతా మీగడ తెలుపు, అక్కడ మాత్రం గోడ సున్నం. విరిగింది, అతికించారు, రంగు పూశారు. ఆ ముక్క రాస్తే ఏం పోయింది?

ముందు విరిగేవి అవే కదా: క్వాఫ్ కొస, టోపీ అంచు, బినియూ (బ్రెటనీ తిత్తివాద్యం) గొట్టాలు, వేళ్లు. చీకటి గదిలో యూవీ టార్చి వేయండి, కొత్త రంగూ జిగురూ పాత గ్లేజులా (కాల్చిన గాజుపూతలా) కాకుండా వేరేగా మెరుస్తాయి. గ్లేజు మీద గోరు జారుతుంది, తర్వాత పూసిన రంగు మీద పట్టుకుంటుంది. కొన్నాక బ్లీచ్‌లో నానబెట్టకండి. సన్నటి పగుళ్లలోంచి మట్టిలోకి దిగి, ఆరాక ఉప్పు పేరుకుని గ్లేజుని పెచ్చులుగా లేపేస్తుంది. తడిగుడ్డ చాలు.

తేదీలూ అంతే. అడుగున ఆన్రియో కార్ఖానా గుర్తు "ఆన్రియో కాంపేర్" అని ఉన్నా 1910 నాటిదంటారు! అదే ఊళ్లోని పోటీ కార్ఖానా హెచ్.బి. గుర్తుతో పోలిక ఉందన్న గొడవ వల్లే కదా 1922లో ఆన్రియో వాడే హెచ్.ఆర్. గుర్తు పోయి పూర్తి పేరు వచ్చింది.

అసలు కడుపుమంట వేరే. శిల్పి బెర్త్ సావిన్యీ హెచ్.బి.కి చేసిన పిల్లల బొమ్మల్నీ, రొబేర్ మిషో-వెర్నే ఆన్రియోకి చేసిన నాట్యగత్తెల్నీ "పాత ఫ్రెంచి బొమ్మ" అని అమ్మేస్తారు. సంతకం ఉన్నా బొమ్మ తిప్పి చూడరు.

సంతకం ఉన్న శిల్పికే ఇంత అన్యాయమైతే, రంగులు వేసిన ఆడవాళ్ల సంగతేంటి? ఒకసారి కాల్చిన మట్టిని తగరం కలిసిన తెల్ల గ్లేజులో ముంచుతారు. ఆరాక అది పిండిలా ఉంటుంది, కుంచె తగలగానే రంగు పీల్చేస్తుంది. తుడిచి దిద్దే వీల్లేదు. ఆ రవిక మీద పసుపు కుట్టుపని మొత్తం ఒక్క చేత్తో, తప్పు లేకుండా వేసిన మనిషికి అడుగున మిగిలింది రెండు పొడి అక్షరాలు. మీ బొమ్మల అడుగుభాగం ఫొటో పెట్టేటప్పుడు దయచేసి ఆ రెండక్షరాల్ని కత్తిరించకండి.