రొయ్య పడనివాళ్లకి కీచురాళ్ల పిండి పెట్టకండి

“రేపటి ఆహారం పురుగులే. చికెన్‌కి మూడు రెట్ల ప్రొటీన్. 200 కోట్ల మంది తింటున్నారు. కనపడకుండా పిండిలో కలిపితే మనవాళ్లూ తినేస్తారు. అలర్జీ ఉండదు. రొయ్యల చెరువులు పూడ్చి కీచురాళ్లు పెంచండి.” భీమవరం గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరగని రోజు లేదు. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే!

మూడు రెట్లంటే కీచురాళ్ల ఎండు పొడిని పచ్చి కోడిమాంసంతో పోల్చారు. ఆ లెక్కన మన ఎండు రొయ్యల్లోనూ ప్రొటీన్ 60 శాతం పైనే ఉంటుంది. 200 కోట్లన్నది 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ వేసిన అంచనా. వాళ్లు తినేది అలవాటు కొద్దీ, రుచి కొద్దీ. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకత అన్న ముద్ర వచ్చింది.

అసలు ఒళ్లు మండేది అలర్జీ మాటకి. మా వైపు పెళ్లి బంతిలో “రొయ్యల కూర గరిటె ఇందులో పెట్టకు బాబూ” అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఎందరో. గరిటె తగిలితేనే దద్దుర్లు, మూతి వాపు, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. దానికి కారణం ఎక్కువగా ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అది కీచురాళ్లలోనూ ఉంది, ఉడికించినా పోదు. అందుకే యూరప్‌లో వీటిని అనుమతించినప్పుడు, రొయ్యలు, పీతలు పడనివాళ్లకి ప్యాకెట్ మీద హెచ్చరిక ఉండాలన్నారు. మన మేధావులేమో చెప్పకుండా కలిపేయమంటున్నారు! కార్తీకంలో నీచు ముట్టని ఇంటికి ఆ బిస్కెట్ వెళితే? మాంసాహారమని చెప్పే గోధుమ రంగు గుర్తు కూడా ఫార్వర్డులోనే పంపుతారా?

అలాగని “పురుగా, ఛీ” అనేవాళ్లకీ వత్తాసు పలకను. రొయ్య తల తుంచి, వీపు చీల్చి నల్లనరం లాగి వండుకునే మనకి ఆ మాట అనే హక్కు పెద్దగా లేదు. తొలకరికి ఉసిళ్లు వేయించుకు తినే పల్లెలు తెలుగునాట ఉన్నాయి. చెప్పి, రుచిగా వండి పెడితే తినేవాళ్లు తింటారు. తెలియకుండా మింగించి, జనం ఇష్టపడ్డారంటే ఎలా?

ఇక చెరువులు పూడ్చడం. వందల మిలియన్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకున్న ఫ్రాన్స్ పురుగుల కంపెనీ యిన్‌సెక్ట్ 2024లోనే అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. నాలుగెకరాల రైతు నిలబడతాడా? పురుగుకి ఇక్కడ పని దొరికితే రొయ్య మేతలో, చేప పొడికి బదులుగా దొరకొచ్చు. దానివల్ల మేత బస్తా రేటు తగ్గిన రోజున ఫార్వర్డు చేయండి, నేనూ నలుగురికి పంపుతాను.