మాంద్యంలో వ్యాపారం బంగారు అవకాశమట! ఎవరి బంగారం?

వారం పైగా ఒకటే మెసేజ్. ముందు పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చూసీ చూడనట్టు వదిలేశాను. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత పెళ్లి కబుర్లు తప్ప ఇంకేమీ రాని చుట్టాల గ్రూపులో. నిన్న మా బావమరిది "బావా, ఇది చదువు, కళ్లు తెరుచుకుంటాయి" అని విడిగా పంపాడు. తెరుచుకున్నాయి. అందుకే ఇది.

మీకు ఇంకా రాకపోతే అదృష్టవంతులు. సారం ఇదీ: "మాంద్యమని భయమా? ధైర్యం ఉన్న తెలివైనవాడికి అదే బంగారు అవకాశం. ప్రపంచంలో పెద్ద కంపెనీలన్నీ కష్టకాలంలోనే పుట్టాయి. రెండు పడవల మీద కాళ్లు వద్దు, ఉద్యోగం వదిలేయండి. షాపుల అద్దెలు తగ్గాయి. ముద్రా లోను పది లక్షలు గ్యారంటీ లేకుండా ప్రభుత్వమే ఇస్తుంది. నలభై లక్షల దాకా జీఎస్టీ గొడవే లేదు. తిండి వ్యాపారానికి నష్టమన్నది లేదు. బీరువాలో ఊరికే పడి ఉన్న బంగారాన్ని పనిలో పెట్టండి. కస్టమరుకి అరువిచ్చి కట్టిపడేయండి. సెకండ్ హ్యాండ్ సామాను సగం ధరకే దొరుకుతుంది." చివర్లో పిడికిలి బొమ్మ, రాకెట్ బొమ్మ.

నాది విజయవాడ వన్‌టౌన్‌లో డిస్పోజబుల్స్ హోల్‌సేల్. పార్శిల్ కవర్లు, డబ్బాలు, పేపర్ ప్లేట్లు. ఇటు మంగళగిరి, గుంటూరు, తెనాలి దాకా కర్రీ పాయింట్ల వాళ్లు, టిఫిన్ సెంటర్ల వాళ్లు సరుకుకి వస్తారు. ఎవరు కొత్తగా తెరుస్తున్నారో మాకు బోర్డు లేవకముందే తెలుస్తుంది. ఎవరిది మూతపడబోతోందో కూడా తెలుస్తుంది. కట్టల లెక్కన కొనేవాడు ప్యాకెట్ల లెక్కకి దిగుతాడు. తర్వాత "సాయంత్రం ఫోన్‌పే చేస్తానన్నా" అంటాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడు.

ముందు పెద్ద కంపెనీల సంగతి. మైక్రోసాఫ్ట్ 1975లో, ఎయిర్‌బీఎన్‌బీ 2008లో, డిస్నీ 1923లో పుట్టాయి కాబట్టి మనం భవానీపురంలో బిర్యానీ పాయింట్ పెట్టాలి. లాజిక్ బాగానే ఉంది. వాల్ట్ డిస్నీ మొదటి స్టూడియో అదే 1923లో కాన్సాస్ సిటీలో దివాలా తీసింది. తర్వాత హాలీవుడ్ వెళ్లి, బాబాయి దగ్గర 500 డాలర్లు అప్పు చేసి, అన్నతో కలిసి మళ్లీ మొదలుపెట్టాడు. దివాలా సంగతి మెసేజ్‌లో లేదు. బిల్ గేట్స్ వాళ్ల నాన్న పేరున్న లాయరన్న సంగతీ లేదు. అవే సంవత్సరాల్లో మూతపడ్డ కంపెనీల పేర్లు అసలే లేవు. మూతపడ్డ కొట్టు గురించి ఫార్వర్డ్ ఎవడు రాస్తాడు?

అయినా ఆ మాంద్యాలు అమెరికావి. మన దగ్గర కష్టకాలం అలా రాదు. గుంటూరు యార్డులో మిర్చి ధర పడితే ముందు పట్నం బజారుకి తెలుస్తుంది, ఆ తర్వాత నాకు తెలుస్తుంది. 2025 మొదట్లో ధర ఎంత పడిపోయిందంటే, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి రైతు ఇంట్లో పెళ్లి వాయిదా పడితే క్యాటరింగు, షామియానా, వాటితోపాటు నా పేపర్ ప్లేట్లు కూడా వాయిదా. 2019 తర్వాత అమరావతి పనులు ఆగినప్పుడు, తుళ్లూరు వైపు మెస్సులు పెట్టుకున్నవాళ్లు వంట చేతకాక దెబ్బతినలేదు. తినేవాళ్లు వెళ్లిపోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ధైర్యవంతుల ఫ్రిజ్జులు, పిరికివాళ్ల ఫ్రిజ్జులు అని వేరు చేయలేదు. మెసేజ్ మొత్తం మీద "ధైర్యం" అన్న మాట ఎన్నిసార్లుందో చూడండి. "కొనేవాడు" అన్న మాట ఎక్కడన్నా ఉందేమో కూడా చూడండి.

అద్దెలు తగ్గాయట. ఎక్కడ? బీసెంట్ రోడ్డులో ఓనరు టులెట్ బోర్డు ఏడాది వేలాడదీస్తాడు గానీ అద్దె తగ్గించడు. తగ్గించిన చోట జనం తిరగరు. అడ్వాన్సు ఎలాగూ మామూలే. ఇక ముందుకి.

జీఎస్టీ. నలభై లక్షల పరిమితి మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకి. సేవలకి ఇరవై. హోటలు, మెస్సు, టిఫిన్ సెంటరు అన్నీ జీఎస్టీ లెక్కలో సేవలే. పైగా అది లాభం కాదు, టర్నోవరు. ఏడాదికి ఇరవై లక్షలంటే రోజుకి ఐదున్నర వేల లోపు అమ్మకం. నాలుగు పెనాలు పెట్టిన టిఫిన్ సెంటరు దాన్ని ఎప్పుడో దాటేస్తుంది. ఒకే మెసేజ్‌లో తిండి వ్యాపారం పెట్టమనీ, నలభై లక్షల దాకా గొడవ లేదనీ రాసిన మహానుభావుడు ఈ రెండిట్లో ఏదీ చేసి ఉండడు. ఫుడ్ రిజిస్ట్రేషను, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు సంగతి సరే సరి.

ముద్రా దగ్గర కాస్త ఆగాలి, మంచి పథకమే కాబట్టి. 2015 ఏప్రిల్‌లో మొదలైంది. 50,000 దాకా శిశు, 5 లక్షల దాకా కిశోర్, 10 లక్షల దాకా తరుణ్. తరుణ్ తీసుకుని సరిగ్గా తీర్చినవాళ్లకి 2024 నుంచి 20 లక్షల దాకా కూడా ఉంది. తాకట్టు అడగకూడదు, నిజం. కానీ డబ్బిచ్చేది ప్రభుత్వం కాదు, బ్యాంకు. ప్రభుత్వం వైపు నుంచి ఉన్న గ్యారంటీ బ్యాంకుకి, మీకు కాదు. మీరు కట్టకపోతే బ్యాంకు నష్టం కొంత పూడుతుందే తప్ప మీ బాకీ పోదు, మీ సిబిల్ స్కోరు బాగుపడదు. "గ్యారంటీ లేకుండా" అన్నది చదివి "తిరిగి కట్టకుండా" అని అర్థం చేసుకున్నవాళ్లని మా కౌంటరు దగ్గరే చూశాను.

ఇంకోటి. మొదటిసారి వెళ్లినవాడికి పది లక్షలు చేతిలో పెట్టరు. కొటేషను అడుగుతారు, మిషను అమ్మేవాడికే డబ్బు పంపుతారు. గ్రైండరొస్తుంది, ఫ్రీజరొస్తుంది. రొటేషన్ డబ్బు మాత్రం ఉండదు. రేపు పొద్దున కూరగాయలకీ, నూనెకీ, వంట మాస్టరు జీతానికీ కావాల్సింది అదే. ఇక కష్టకాలంలో ప్రభుత్వం కొత్తవాళ్లని ఎలా ఆదుకుంటుందో తెలియాలంటే 2020 గుర్తు చేసుకోండి. కోవిడ్‌లో ఇచ్చిన అత్యవసర గ్యారంటీ రుణాలు ఆ ఫిబ్రవరి చివరికి ఖాతాలో అప్పటికే లోను ఉన్నవాళ్లకి. కొత్తవాళ్లకి కాదు.

తిండి వ్యాపారానికి నష్టమే లేదన్నదానికి ఒక్క మాట. జనం తినడం మానరు, నిజమే. బయట తినడం మానేస్తారు. మొదట తగ్గేది ఆదివారం బిర్యానీ పార్శిలే. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు కర్రీ ప్యాకెట్ ధర ఐదు రూపాయలు పెంచినవాడికి గిరాకీ పోయింది, పెంచనివాడికి లాభం పోయింది. కమర్షియల్ సిలిండరు రేటు ఒకటో తారీఖు వస్తే మారుతుంది. పప్పు ప్యాకెట్‌కి బోర్డు మీద రాసిన ధర అలా నెలనెలా మార్చగలరా?

ఇప్పుడు బంగారం. మిగతావన్నీ నవ్వుకుని వదిలేయొచ్చు. దీన్ని వదలను.

"బీరువాలో ఊరికే పడి ఉన్న బంగారం" అట. ఎవరిది? మెసేజ్ పంపేది మగవాళ్లు, తాకట్టుకి వెళ్లేది ఆడవాళ్ల గాజులు, నల్లపూసలు. అది ఊరికే పడి లేదు. ఆ ఇంట్లో ఆసుపత్రి ఖర్చుకి, పిల్ల కాలేజీ ఫీజుకి, ఉద్యోగం పోతే ఆరు నెలల తిండికి ఉన్న ఏకైక భరోసా అది. కష్టకాలంలో పనికొచ్చే ఒకే ఒక్క వస్తువుని కష్టకాలం మొదట్లోనే వాడేయమంటున్నాడు ఈ సలహాదారు.

ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే చాలాసార్లు ఇదే వరస చూశాను. గోల్డ్ లోను అరగంటలో వస్తుంది. చాలావాటికి నెలనెలా వాయిదా ఉండదు, ఏడాదికి అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి. ఆ ఏడాది వ్యాపారం ఆడుతూ పాడుతూ ఉన్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే వడ్డీ కళ్ల ముందు లేదు. పన్నెండో నెలలో ఫోనొస్తుంది. అప్పటికి బంగారం ధర పెరిగి ఉంటే అదే నగల మీద ఇంకొంచెం ఎక్కువ తీసుకుని పాత వడ్డీ అందులోంచే కట్టేసి "రెన్యువల్ చేశానన్నా, పైగా ముప్పై వేలు చేతికొచ్చాయి" అని సంతోషంగా చెప్తారు. అది రావడం కాదమ్మా, అప్పు పెరగడం. 2025లో రిజర్వ్ బ్యాంకు ఈ అలవాటు మీద పడింది, వడ్డీ కట్టాకే రెన్యువల్ అని కొత్త నిబంధనల్లో పెట్టింది. మంచిదే. మరి వడ్డీ కట్టడానికి చేతిలో లేనివాడు ఏం చేస్తాడు?

బజారులో సాయంత్రం బండి మీద తిరిగి కార్డు మీద టిక్కు పెట్టేవాళ్లుంటారు. రోజువారీ ఫైనాన్సు. పది వేలు రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు. వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ కట్టుకుంటూ పోతారు కాబట్టి సగటున మీ దగ్గరుండేది నాలుగున్నర వేలే. ఆ లెక్కన ఏడాదికి నూటికి ఎనభై దాకా పడుతుంది. నగలు వేలానికి పోకుండా ఆపడానికి ఇది తెస్తారు. దీన్ని కట్టడానికి చీటీ పాడతారు, సగానికి సగం వదులుకుని. చీటీ వాయిదాలు కట్టలేక ఇంకొకరి దగ్గరికి. 2015 డిసెంబరులో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ కేసులు బయటపడి దేశమంతా మన విజయవాడ పేరు మోగిపోయింది. అప్పుల వాళ్లు ఆడవాళ్లని ఎలా వేధించారో పేపర్ల నిండా వచ్చింది. అప్పుడు ఇదే గ్రూపులో "అయ్యో పాపం" అని రాసినవాళ్లే ఇప్పుడు ఈ మెసేజ్ పంపుతున్నారు. రెండింటికీ సంబంధం కనపడలేదా, చూడలేదా?

వేలం ప్రకటనలు పేపర్లో ఎప్పుడన్నా చదివారా? ఒక్కో సంస్థది పేజీ నిండా చీమ తలకాయంత అక్షరాలు, బ్రాంచి పేరు, లోను నంబర్లు. మనుషుల పేర్లు కూడా ఉండవు. మా దగ్గర సరుకు తీసుకునే ఒకావిడ ఆ పేజీ కౌంటరు మీద పరిచి, చేతిలో రసీదు పట్టుకుని, నంబరు మీద వేలు పెట్టి ఒక్కో వరస చూసుకుంటూ పోయింది. అక్కడుంది. "మిగిలింది వెనక్కిస్తారంట కదా" అంది. ఇస్తారు, చట్ట ప్రకారం ఇవ్వాలి. ఆ మిగిలినదానితో అవే గాజులు తిరిగి కొనడానికి లేదు. 2025 ఏప్రిల్‌లోనే పది గ్రాములు లక్ష దాటింది. పేరు అచ్చేయించుకున్న పార్శిల్ కవర్లు ఇంకా కట్టలకి కట్టలున్నాయి, వాపసు తీసుకుంటారా అని అడిగింది. ఆ పేరుతో ఉన్న కవరు ఇంకెవరికి అమ్మను?

కాబట్టి బావమరిదీ, మీ అక్క బంగారం జోలికి రావద్దు. ముందు నీది పెట్టు.

అరువిచ్చి కస్టమర్ని కట్టిపడేయడమా? అరువు తీసుకున్నవాడు రోడ్డుకి అవతలి పక్కనుంచి నడుస్తాడు. మీకు బాకీ ఉన్నాడు కాబట్టి రొక్కమిచ్చి వేరే చోట కొంటాడు. సందు చివరి కిళ్లీ కొట్టు మీద "అరువు రేపు" అని ఉంటుంది చూడండి, ఆయన ఈ మెసేజ్ రాసినవాడికన్నా పెద్ద ఎకనమిస్టు.

ఇంతా తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. సెకండ్ హ్యాండ్ మాట నిజం. సగం కాదు, ఇంకా తక్కువకే వస్తాయి. స్టీలు కౌంటర్లు, డీప్ ఫ్రీజర్లు, ఏడాది కూడా వాడని వెట్ గ్రైండర్లు. ఒకడి కొట్టు మూతపడితే ఇంకొకడికి చవక, వినడానికి బాగుండదు గానీ అంతే. మంచి మాస్టరు కూడా ఇలాంటప్పుడే దొరుకుతాడు. హోల్‌సేల్ వాళ్లం మేమూ వంగుతాం. మామూలు రోజుల్లో కట్ట విప్పం, గిరాకీ లేనప్పుడు విప్పి పాతిక డబ్బాలు కూడా లెక్కపెట్టి ఇస్తాం.

అంతేకాదు, ఇప్పుడు మా దగ్గర నమ్మకంగా సరుకు తీసుకునేవాళ్లలో కొందరు 2020 లాక్‌డౌన్‌లోనే మొదలుపెట్టారు. అంటే మెసేజ్ శీర్షిక పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే వాళ్లు చేసినదానికీ, మెసేజ్ చేయమన్నదానికీ పోలికే లేదు. పటమటలో ఒకావిడ ఇంటి వంటగదిలోనే చపాతీలు, రెండు కూరలు చేసేది. షాపు లేదు, బోర్డు లేదు. వాళ్లాయన తన ఉద్యోగం చేస్తూనే సాయంత్రం స్కూటరు మీద డెలివరీకి తిరిగేవాడు. ముందురోజు రాత్రి ఆర్డర్లు రాసుకుని అంతకే వండేది. కవర్లు సాదావి, మీద పేరు లేనివి. అచ్చేయించమని మేమే అడిగితే "గిరాకీ నిలబడనీయండన్నయ్యా" అనేది. షాపు అద్దెకి తీసుకున్నది చాలా కాలం తర్వాత, అది కూడా మూతపడ్డ కర్రీ పాయింటు సామానుతో సహా. ఇప్పటికీ పేరున్న కవర్లు కొనదు.

సరే, ఇదంతా చదివాక కూడా పెట్టాలనుంటే పెట్టండి. వన్‌టౌన్‌కి రండి, కట్ట విప్పి ఇస్తాను. అరువు మాత్రం రేపే.