ఆ 561 నిమిషాల కూడిక తప్పు

మా పదో తరగతి గ్రూపులో వారంలో నలుగురు పంపారీ మెసేజ్. "సర్కారు సర్వేయే తేల్చింది. మగవాడు బయట 473 నిమిషాలు, ఇంట్లో 88, మొత్తం 561 నిమిషాలు కష్టపడుతున్నాడు. ఇంట్లో ఆడది చేసేది 289 నిమిషాలే. మిక్సీలు, వాషింగ్ మెషిన్లు వచ్చాక పనేముంది? ఉద్యోగం చేసే భార్యలకు భర్తలు సగం పని చేసిపెడుతూనే ఉన్నారు. మన అమ్మమ్మలు రోట్లో రుబ్బి కూడా నోరెత్తలేదు. అయినా కొడుకుల్ని పాడుచేసేది తల్లులే." ఐదోసారి వచ్చాక ఊరుకోలేకపోయాను.

అమ్మమ్మలు నోరెత్తలేదంటే వినేవాళ్ళు లేక. మా అమ్మమ్మ నడుం యాభై ఏళ్ళకే వంగిపోయింది, అది చాలు.

వాషింగ్ మెషిన్ ఉతుకుతుంది, నిజమే. జేబులు వెతికేది, దండెం మీద ఆరేసేది, చినుకు పడితే మేడ మీదికి పరిగెత్తేది, మడతపెట్టి ఎవరి అరలో వాళ్ళవి సర్దేది మెషిన్ కాదు.

నా కోపమంతా ఆ లెక్క మీద. అంకెలు 2024 టైమ్ యూజ్ సర్వేలోవే, అంటే జనం రోజులో ఏ పనికి ఎన్ని నిమిషాలు పెడుతున్నారో కేంద్ర ప్రభుత్వం అడిగి రాసే సర్వే. కూడికే తప్పు. సర్వే లెక్క రాసుకున్న రోజున ఇంటిపని చేసిన మగవాళ్ళను మాత్రమే తీసుకుని సగటు కడితే వచ్చింది 88. అలా చేసినవాళ్ళు నూటికి 27 మంది. మిగతా 73 మంది ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టలేదు. మగవాళ్ళందరి మీదా పంచితే మనిషికి 24 నిమిషాలు కూడా రావు. ఆడవాళ్ళందరి మీదా పంచినా 235 దాకా వస్తుంది. ఆ 473 కూడా సంపాదన పనికి వెళ్ళినవాళ్ళ సగటే. వీళ్ళ సగటూ వాళ్ళ సగటూ కలిపి ఒకే మనిషి నెత్తిన పెడితే అది లెక్కెలా అవుతుంది?

పోనీ, అదే కూడిక ఆడవాళ్ళకూ కడదాం. సంపాదన పనికి వెళ్ళే ఆడవాళ్ళ సగటు 341 నిమిషాలు. దానికి 289 కలిపితే 630. అదే సర్వేలో ఉన్న ఈ అంకెను మెసేజ్ రాసినాయన ఎందుకు వదిలేశాడు? పైగా ఆ 289లో పిల్లలకు, మంచాన పడ్డ అత్తమామలకు చేసే చాకిరీ లేదు. దాన్ని సర్వే వేరే పద్దులో రాసింది.

భర్తలు సగం చేస్తున్నారా? 2019 సర్వేలో నూటికి 26 మంది, 97 నిమిషాలు. ఐదేళ్ళలో ఒక్కడు పెరిగాడు, తొమ్మిది నిమిషాలు తగ్గాయి. నేను సాయంత్రం ఆరున్నరకు బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్తాను. పొద్దున నానబోసిన మినప్పప్పు గ్రైండర్లో వేసి, పక్క పొయ్యి మీద ఎసరు పెడతాను. మా ఆయన కూరలు తెస్తారు, చెబితే. రేపటికి పెరుగు ఉందా, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలి, పనిమనిషి రాకపోతే అంట్లెవరు తోమాలి అనే టెన్షన్ మాత్రం నాదే. ఇది ఏ సర్వేలో నిమిషాలకు అందుతుంది?

పనేముంది అనేవాళ్ళు 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదవాలి. గృహిణి చేసే పనికి ఆదాయం లెక్కకట్టాల్సిందేనని మన జస్టిస్ ఎన్.వి.రమణ అందులో విడిగా రాశారు. అందుకు ఆయన చూపించిన ఆధారాల్లో ఒకటి, 2019 నాటి ఈ టైమ్ యూజ్ సర్వేనే.

ఒక్కమాట మాత్రం ఒప్పుకుంటాను, తల్లుల గురించి అన్నది. మా అబ్బాయి ఇంటర్ అయ్యేదాకా తిన్న కంచం తీయలేదు. "చదువుకోనీ" అని నేనే తీశాను. వాడి చెల్లెలు పదేళ్ళకే చీపురు పట్టింది, దానికీ చదువుందని నాకు తోచలేదు. పోయిన నెల నుంచి వాడి కంచం వాడే కడుగుతున్నాడు. ఈ వారం అన్నం వండడం నేర్పుతున్నాను, నిన్న మాడింది.