చచ్చిపోలేదు, ఆలస్యంగా మొదలవుతోంది

మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినంగా జరిపే కందుకూరి జయంతి. ఈ రెండు తేదీల మధ్య ఒక మాట ఫోన్ల నిండా తిరుగుతుంది. సారాంశం ఇది: "తెలుగు నాటకాన్ని సినిమా చంపేసింది. ఉచితంగా చూపిస్తామన్నా జనం రారు. పద్యనాటకమంటే రాగం తీయడమే, నటన ఉండదు. పరిషత్తు నాటికలన్నీ ఒకటే ఏడుపు. డబ్బిచ్చి చూడదగ్గది ఏదీ మిగల్లేదు." చివర్లో రంగు పూసుకున్న మొహం ఒకటి, దానికి దండ, ఓం శాంతి.

దీన్ని పంపేవాళ్లలో నాటకమంటే ఇష్టమున్నవాళ్లే ఎక్కువ. వాళ్లు చెప్పే లక్షణాలు కొన్ని నిజమే. రోగం పేరే తప్పు.

"సినిమా చంపేసింది" అన్నది మొదటి మాట. తేదీలు చూస్తే ఇది నిలబడదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ (మాటల సినిమా) 'భక్త ప్రహ్లాద'కి మూలం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. అందులో లీలావతి వేషం సురభి కమలాబాయిది. పుట్టిన ఏడాదే సినిమా నాటకం ఇంట్లో అన్నం తింది. పోనీ తర్వాతైనా నాటకం మూలపడిందా? 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీలు నడిపింది టాకీలు జోరుగా ఆడుతున్న దశాబ్దాల్లోనే. 1940ల చివర్లో ప్రజానాట్యమండలి 'మాభూమి' నాటకాన్ని ఊరూరా ఆడిందీ ఆ కాలంలోనే. సినిమా లాక్కున్నది మూడింటిని: పేరున్న నటుల్ని, పట్నంలో టికెట్టు కొనే అలవాటుని, కొన్నిచోట్ల నాటకశాలనే. ఇవి చిన్న నష్టాలు కావు. అయినా శివరాత్రికీ, శ్రీరామనవమికీ, ఊరి తిరునాళ్లకీ పందిట్లో 'హరిశ్చంద్ర' ఇవాళ్టికీ తెల్లవారేదాకా నడుస్తున్న ఊళ్లున్నాయి. వాటి ఫొటోలు ఈ సందేశం తిరిగే ఫోన్లలోకి రావు, అంతే.

ఇక రెండోది, "ఉచితంగా పెట్టినా జనం రారు." అసలు పేచీ అంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త లెక్క వేద్దాం.

పరిషత్తు అంటే నాటికల పోటీ. దాని కరపత్రంలో "సాయంత్రం 6 గంటలకు" అని ఉంటుంది. ఆ రాత్రికి మూడు నాటికలు. ఒక్కోటి సుమారు గంట. ఒక సెట్టు విప్పి ఇంకోటి కట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు. మూడు నాటికలు, రెండు విరామాలు కలిపితే నాలుగు గంటలకి కాస్త తక్కువ. ఆరున్నరకి తెర లేస్తే పదిన్నరలోపు అందరూ ఇళ్లకి బయల్దేరొచ్చు. కానీ ఆరున్నరకి లేచేది తెర కాదు, ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తున్న కార్యదర్శి. ఆయన వచ్చాక జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అధ్యక్షుడి తొలిపలుకులు, వేదిక మీద పదిమందికీ తలో అయిదు నిమిషాలు, ఆపైన శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. మొదటి నాటిక ఎనిమిదికి. అంటే మూడో నాటిక ముగిసేసరికి దాదాపు పన్నెండు. పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి ఆఖరి బస్సు ఎప్పుడో పోయింది. పిల్లలతో వచ్చినవాళ్లు మొదటి విరామంలోనే లేచారు. మూడో నాటికకి హాల్లో మిగిలేది న్యాయనిర్ణేతలు, ముందు ఆడిన రెండు నాటక సమాజాలవాళ్లు, హాలు మనిషి. మర్నాడు ఆ ఖాళీ కుర్చీల ఫొటో తీసి "జనం రాలేదు" అంటారు. జనం వచ్చారు. వచ్చి రెండు గంటలు ఉపన్యాసాలు విని వెళ్లిపోయారు. చీటీల్లో మూడో ప్రదర్శనగా పడిన సమాజం మాత్రం, వందల కిలోమీటర్లు వ్యానులో సామాను వేసుకొచ్చి, కుర్చీలకి నాటిక చూపించి పోతుంది.

దీనికి ఖర్చు లేని మందు ఉంది. సన్మానాల్ని విరామంలో పెట్టడం. సెట్టు మార్చే ఆ అరగంటా ముందుతెర దించే ఉంటుంది. తెర ముందు నాలుగడుగుల జాగా, ఒక మైకు, ఒక లైటు ఉంటే సభ జరిగిపోతుంది. నిర్వాహకులు చెప్పే అభ్యంతరం, వెనక మేకులు కొడుతున్న చప్పుడు వినిపిస్తుందని. తెర వెనకో సుత్తి, తెర ముందో సుత్తి. వెనకదానికి కనీసం లయ ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది: సెట్టు సిద్ధమని లోపల్నుంచి గంట కొడితే ఎంతటి వక్తయినా ముగించాల్సిందే.

ఆలస్యం తర్వాత జనాన్ని పంపేసేది మైకు. నాటకంలో అంతా అరుస్తారు, వరసగా నిలబడి మాట్లాడతారు అని సందేశం కింద వ్యాఖ్యలు పెడతారు కదా, దానికి కారణం నటనలో కంటే పైకప్పులో ఉంది. చాలా హాళ్లలో నాటకానికి వాడేది వేలాడే మైకులు. నటుడు మైకుకి రెట్టింపు దూరం జరిగితే మైకుకి అందే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. మంచం మీద పడుకున్న తండ్రి పాత్ర ఆఖరి మాటలు అందుకే వినిపించవు. వినిపించాలని ఆపరేటరు మొత్తం మైకులు పెంచుతాడు, వెంటనే స్పీకర్లలో కూత. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత పెట్టకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆరు మైకులూ తెరిచి కూర్చునేకంటే, ఎవరు ఎక్కడ మాట్లాడతారో రాసుకుని ఆ సమయానికి రెండో మూడో తెరిచి ఉంచడం మేలు. దానికి ఆపరేటరు నాటికని ఒక్కసారైనా ముందే చూసి ఉండాలి. చూడడు. మధ్యాహ్నం "హలో, మైక్ టెస్టింగ్" అన్నది ఖాళీ హాల్లో, ఫ్యాన్లు ఆపి. రాత్రి ఫ్యాన్లన్నీ తిరుగుతుంటాయి. ఇది నటులకి బాగా తెలుసు కనుక బతికే ఉపాయంగా మైకు కిందికే వచ్చి వరస కడతారు, గొంతు పెంచుతారు.

ప్రేక్షకుడి వైపు నుంచి చేయగలిగింది కూర్చునే చోటు ఎంచుకోవడం. బాల్కనీ కప్పు కింది వరసలు వద్దు, అక్కడ మాట ముద్దయిపోతుంది. స్పీకరు పెట్టెల పక్కా వద్దు. పక్క వరసల్లో కూర్చుంటే వింగులో (వేదిక పక్క చాటున) తన వంతు కోసం నిలబడి వక్క నములుతున్న పోలీసు పాత్ర కనిపిస్తాడు, ఆ తర్వాత అతను ఎంత గర్జించినా నవ్వొస్తుంది. సభ అయిపోగానే ముందు రెండు వరసల సోఫాలు ఖాళీ అవుతాయి, కానీ తొందరపడొద్దు. మధ్యలో నాలుగో వరసా, అయిదో వరసా మంచివి. నటుడి కళ్లు కనిపిస్తాయి, మేకప్పు గీత కనిపించదు.

మూడో మాట పద్యనాటకం మీద: "రాగమే తప్ప నటన ఉండదు, అర్థం కాదు." తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం' నాటకంలో అందరికీ తెలిసిన పద్యమే తీసుకోండి. "బావా యెప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్..." ఛందస్సు శార్దూలం. నిద్ర నటించి లేచిన కృష్ణుడు దుర్యోధనుణ్ణి పలకరిస్తున్నాడు. మొదటిది వచ్చినవాణ్ణి అప్పుడే చూసినట్టు ఆశ్చర్యం. తర్వాత కుశలప్రశ్నలు. కర్ణుడి పేరు వచ్చేసరికి గొంతులో చిన్న మెలిక. భీష్మద్రోణుల దగ్గర మళ్లీ గౌరవం. నాలుగు పాదాల్లో ఇన్ని చూపులు మార్చడం నటన కాకపోతే మరేమిటి? తెలిసిన నటుడు "వచ్చితీవు" దగ్గర ఆగుతాడు. ఊపిరి చాలని నటుడు "వచ్చితీవు సుఖులే" అని కలిపేసి, "భ్రాతల్" దగ్గర ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడితో ప్రశ్న చచ్చింది. చెవి పెట్టాల్సిన రెండో చోటు ఆలాపన. మంచి పాటగాడు నాలుగో పాదం అర్థమంతా ముగించాక రాగం తీస్తాడు. పాదం మధ్యలో తీస్తే కర్త ఒకచోట, క్రియ రెండు నిమిషాల అవతల. అర్థం కాదనేవాళ్లు విన్నది బహుశా ఇలాంటి పద్యాన్నే.

అర్థం కాకపోవడమే నిజమైతే, బడి మొహం చూడని రైతులూ కూలీలూ ఈ పద్యాల్ని తరాలుగా నోటికి పాడుకోవడం ఎలా సాధ్యమైందో చెప్పాలి. బలిజేపల్లి 'సత్యహరిశ్చంద్ర' కాటిసీనులోకి తర్వాత జాషువా శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి. ఇప్పుడు అవి లేకుండా ఆడితే జనం ఒప్పుకోరు. అర్థం కానిదాన్ని ఎవరూ అలా పట్టుబట్టి అడగరు.

ఒప్పుకోవాల్సినవీ ఉన్నాయి. కాంట్రాక్టు నాటకాల్లో నటులు తలో ఊరి నుంచి నేరుగా వేదికకే వస్తారు. రిహార్సలు ఉండదు. ఒకటో కృష్ణుడు రాయబారానికి ముందు దిగిపోతే రెండో కృష్ణుడు వేరే కిరీటంతో ఎక్కుతాడు. ఒక 'వన్స్ మోర్' పడితే అవతలి పాత్ర బొమ్మలా నిలబడాలి, రెండోది పడితే తనూ ఒకటి కొట్టించుకోవాలని పంతం పడుతుంది. కీబోర్డు ఆయన మూడో పార్టీ. దీన్ని నాటకంగా చూస్తే విసుగు, పాటకచేరీగా చూస్తే పండగ. ఏది చూడబోతున్నారో కరపత్రమే చెబుతుంది: ఒకే పాత్ర ఎదురుగా ముగ్గురి ఫొటోలుంటే కచేరీ, ఒక్క పేరే ఉండి దర్శకుడి పేరు కూడా ఉంటే నాటకం.

"పరిషత్తు నాటికలన్నీ ఒకటే ఏడుపు" అన్న నాలుగో మాటకి పూర్తిగా అడ్డు చెప్పడం కుదరదు. వృద్ధాశ్రమం, అమెరికా కొడుకు, అప్పుల రైతు, ఆఖరి పది నిమిషాల్లో ప్రేక్షకుల వైపు తిరిగి సందేశం. కానీ కారణం రచయితలకి ఊహ లేకపోవడం కాదు. సెట్టు వ్యానులో పట్టాలి, 20 నిమిషాల్లో నిలబడాలి. అందుకే ఒకే ఇంటి హాలు, ఒక తలుపు, ఒక కిటికీ. నటీమణులు తక్కువ, వాళ్లకి పారితోషికమూ ప్రయాణమూ ఇవ్వాలి. అందుకే స్త్రీ పాత్ర ఒకటి, మహా అయితే రెండు. గంటలో ముగియాలి, న్యాయనిర్ణేతల కాగితం మీద ఉత్తమ నటుడికీ, నటికీ, హాస్యానికీ, ప్రతినాయకుడికీ విడివిడిగా బహుమతులున్నాయి కాబట్టి ప్రతి పాత్రకీ ఓ ఘట్టం పెట్టాలి. ఈ కొలతలన్నీ ఇచ్చి చొక్కా కుట్టమంటే అన్నీ ఒకేలా ఉండక ఏమవుతాయి! ఈ కొలతల్లోనే ఏడుపు లేకుండా కుట్టినవాళ్లు ఏటా ఇద్దరో ముగ్గురో తగులుతారు. వాళ్లని పట్టుకోవడమే పరిషత్తులకి తిరిగేవాళ్ల వేట.

ఇంకో ఆనందం సినిమాలో దొరకనిది. ఒకే నాటికని సంక్రాంతి నుంచి వేసవి దాకా మూడు నాలుగు ఊళ్లలో చూడొచ్చు. మొదటి ప్రదర్శనలో లాగ్ ఉన్న సన్నివేశం మూడోదానికి బిగుసుకుంటుంది. నవ్వు రాని జోకు ఎగిరిపోతుంది. పదోసారికి నటుడికి చప్పట్లు ఎక్కడ పడతాయో తెలిసిపోయి అక్కడ ఆగి ఎదురుచూడటం మొదలెడతాడు, అప్పుడు మళ్లీ చెడుతుంది. కాబట్టి బహుమతి వచ్చిందని ఆఖర్న చూడటం కంటే, మధ్యలో చూడటం లాభం.

మిగిలింది "డబ్బిచ్చి చూడదగ్గది లేదు." సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైంది. కుటుంబాలకి కుటుంబాలే నటులుగా, టికెట్టు పెట్టే నడిచింది. 'మాయాబజార్'లో లడ్లు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం, బాణాలు గాల్లో ఢీకొని నిప్పురవ్వలు రాలడం, నారదుడు మేఘాల్లోంచి దిగడం, అన్నీ దారాలు, తీగలు, కప్పీలు, వాటిని లాగే మనుషుల పని. పూసిన తెరలు చుట్టలుగా పైకి లేచి కిందికి దిగుతూ అడవిని క్షణాల్లో అంతఃపురం చేస్తాయి. ఇక్కడ మాత్రం ముందు వరస టికెట్టు కొనకండి, దారం కనిపిస్తుంది. ఏడెనిమిది వరసల వెనక మధ్యలో కూర్చుంటే లడ్డు నిజంగానే ఎగురుతుంది.

టికెట్టు పెడితే పన్ను బాధ అనే నిర్వాహకులకు: మనిషికి 500 రూపాయలు దాటని నాటక ప్రవేశ రుసుముకి జీఎస్‌టీ మినహాయింపు ఉంది. టికెట్టు యాభై పెట్టినా చాలు. డబ్బు కోసం కాదు. దాని మీద వేళ అచ్చువేయాల్సి వస్తుంది, ఆ వేళకి తెర లేవకపోతే అడగడానికి కొన్నవాడికి నోరుంటుంది. ఉచితంగా వచ్చినవాడు లేచి వెళ్లిపోతాడు గానీ అడగడు.

ఈసారి కరపత్రం చేతికి వస్తే కింద ఉన్న నంబరుకి ఫోన్ చేయండి. "ఎన్నింటికి మొదలు?" అని అడగొద్దు, ఆరుకే అంటారు. "మూడో నాటిక ఎన్నింటికండీ?" అని అడగండి. తడుముకోకుండా ఒక వేళ చెబితే వెళ్లండి. "ముఖ్య అతిథి గారు వచ్చాక..." అని మొదలెడితే, భోంచేసి ఎనిమిదికి వెళ్లండి.