గొట్టా గేట్లు ఎత్తారని ముందు చెప్పేదెవరు?

శ్రీకాకుళంలో లోకల్ చానల్ నడవాలంటే అచ్చం హైదరాబాద్ చానల్‌లా కనిపించాలని చాలామంది యజమానుల నమ్మకం. అందుకే ఆ ఎర్ర బ్రేకింగులు, చెవులు చిల్లులు పడే మ్యూజిక్, నాయకుల తిట్ల పురాణం. అవన్నీ ఇంతకంటే బాగా పెద్ద చానళ్లలోనే దొరుకుతుంటే జనం వీళ్లనెందుకు చూడాలి?

ఒడిశాలో కుండపోత పడిందనుకోండి. వంశధార ఒడ్డున జలుమూరులోనో, గారలోనో ఉన్న రైతు అడిగేది ఒకటే: గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఆ నీరు మా ఊరికి ఎన్నింటికి వస్తుంది, గొడ్లను ఎప్పుడు విప్పుకోవాలి? రాష్ట్ర చానల్‌కి అది స్క్రోలింగులో ఒక లైను. ఇక్కడి చానల్‌కి అదే అరగంట బులెటిన్ కావాలి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరప్రాంతమైన ఉద్దానం మీద విరుచుకుపడింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. ఇక టీవీ ఎక్కడిది? చానల్ అక్కరకొచ్చేది ముందురోజు సాయంత్రమే. ఏ ఊరివాళ్లు ఏ బడికి వెళ్లి తలదాచుకోవాలో పేరుపేరునా చెప్పే చానల్‌ను వజ్రపుకొత్తూరు జనం మర్చిపోతారా? ఆ నమ్మకం ఉన్నచోటికే నగల షాపు యాడ్ వస్తుంది, ఇంటర్ కాలేజీ యాడ్ వస్తుంది.

ఇదంతా వాట్సాప్‌లో ముందే వచ్చేస్తోందిగా అంటారు. నిజమే, వస్తుంది. పోయినేడాది వరద వీడియో కూడా ఈరోజుదే అని వస్తుంది. అబద్ధం చెప్తే ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతూ దొరికే విలేకరి లోకల్ చానల్‌కే ఉంటాడు. (అతనికి నెలనెలా జీతం ఇస్తున్నారా అని మాత్రం అడక్కండి. యాడ్లు తెచ్చుకుని బతకమనేవాళ్లే ఎక్కువ.)

అసలు నా బాధ ఇంకోటి ఉంది. 2018 చివర్లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అలాంటి ఇంటి ముందు మైకు పెడితే ఆ తల్లి 'మావోడు ఏటైపోనాడో' అంటుంది. మన యాంకరమ్మ దాన్ని రెండు సెకన్లు వినిపించి, 'ఆవేదన వ్యక్తం చేశారు' అని ముగించేస్తుంది. సినిమాల్లో మన యాసను నవ్వులాటకు వాడుకున్నారని మనమే కోప్పడతాం. మన ఊరి టీవీలో మాత్రం అది జనం మాట్లాడే బైట్లకే పరిమితం, వార్తకు పనికిరాదు! పక్కింటి మనిషిలా మాట్లాడని చానల్‌ను పక్కింటి చానల్ అని ఎలా అనుకుంటారు?

'గొట్టా గేట్లు ఎత్తీసినారట, గొడ్లను విప్పీయండి' అని స్టూడియోలో కూర్చుని చదివే యాంకర్‌ను ముందుగా ఏ చానల్ పెడుతుందో చూడాలి. నేనైతే ఆ రోజే కేబుల్ బిల్లు ఏడాదికి కట్టేస్తాను.